పరుపుకొచ్చిన చేపు

జుబేదా నోరు పెద్దది. కారంపూడి బస్టాండు వెనక పరుపుల కొట్లో కూర్చుని ఆమె ఒక్క కేక వేసిందంటే, అవతల మాచర్ల బస్సెక్కి సీటు పట్టుకున్నవాడు కూడా దిగొచ్చి "ఏందక్కా?" అని అడగాల్సిందే. మొగుడు నూర్ మొహమ్మద్ అందుకు సరిగ్గా ఎదురు. ముక్కుకి తువ్వాలు బిగించి పొద్దస్తమానం దూది ఏకే మిషను ముందర దుమ్ములో నిలబడేవాడు. మిషను ఆగినా, తువ్వాలు విప్పినా ఆ నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. "పెళ్ళప్పుడే తన వాటా మాటలు కూడా నాకు రాసిచ్చేశాడు లెండి" అని జుబేదా గిరాకీల ముందర నవ్వేది.

ఆ కొట్లో మూడో ప్రాణం పిల్లి. అప్పుడే ఏకిన దూదిని వేళ్ళతో చుట్టినట్టు తెల్లగా, సన్నగా ఉంటదని దానికి ఏకు అని పేరు పెట్టారు. కళ్ళు తెరవకముందే దాని తల్లి బస్సు కింద పడి పోతే, జుబేదానే దాన్ని దూదిలో పొదిగి, ఒత్తి ముంచి నోట్లో పాలు పిండి బతికించింది. పెద్దదయింది, ఎలకల్ని పట్టింది, వీధిలో కుక్కల మీద కూడా పెత్తనం చేసింది. కానీ ఒక్క చంటితనం మాత్రం దాన్ని వదల్లేదు. మెత్తటిది కనపడితే చాలు, ఎక్కి కూర్చుని, కళ్ళు సగం మూసి, ముందుకాళ్ళు రెండూ మార్చి మార్చి అదుముతా, రొట్టెల పిండి పిసికినట్టు పిసికేది. పిసుకుతున్నంతసేపూ గొంతులో గుర్రుమంటా ఉండేది.

"ఆగండి, మా ఇన్‌స్పెక్టరమ్మ ఇంకా పాస్ చెయ్యలేదు" అని జుబేదా గిరాకీలని ఆపేది. ఏకు పిసికిన పరుపు బాగా మెత్తగా ఉండిద్దని ఊళ్ళో ఒక పేరు కూడా వచ్చింది. కొందరైతే అడిగి మరీ పిసికించుకుని పోయేవాళ్ళు.

ఇంత వేళాకోళం చేసే జుబేదా ఒక్క విషయంలో మాత్రం చానా గట్టి. పాత పరుపు ఏకటానికి వస్తే ఆ ఇంటి దూది ఆ ఇంటి గలేబులోకే పోవాలి. పిడికెడు మిగిలినా తీసి పక్కన కట్టిపెట్టాలి గానీ ఇంకొకళ్ళ దాంట్లో కలపగూడదు. అది ఆమె అత్తగారు పెట్టిన కట్టుబాటు. "దూది చెమట తాగుద్దే పిల్లా, కన్నీళ్ళు తాగుద్ది, మనిషి మనసులో ఉండేది కూడా తాగుద్ది. ఒకళ్ళది తీసుకెళ్ళి ఇంకొకళ్ళ కింద పరవమాక" అనేదామె. చచ్చిపోయినవాళ్ళ పరుపు అయితే అసలు విప్పను కూడా గూడదు. ఊరవతల కంపల్లో పారేసి, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రావాలి.

ఆ కట్టుబాటు తప్పింది జుబేదానే. ఎందుకు తప్పిందంటే కూతురి మీద పిచ్చి ప్రేమ, అంతకు మించి ఇంకేం లేదు.

మిరపకోతల రోజుల్లో యేసుపాదం అనే పెద్దాయన గురజాల నుంచి ఆటోలో ఒక పరుపు తెచ్చి కొట్టు ముందర దించాడు. దించి, దాని మీద చెయ్యేసి అట్టాగే నిలబడ్డాడు.

"నూరు సాయిబూ, ఇది మా కూతురు పింకీది" అన్నాడు. "పురిటికొచ్చింది. నెలలు నిండకముందే కాన్పయింది. బిడ్డని తీసుకెళ్ళి నరసరావుపేటలో అద్దాల పెట్టెలో పెట్టారు, ఇది జ్వరంతో ఇంట్లో పడింది. బిడ్డేమో ఆడ, పాలేమో ఈడ. కారి కారి పరుపంతా తడిసిపోయేది. 'నాయనా, వాడికి ఆకలేస్తా ఉండిద్ది' అని ఒకటే కలవరింత. ఒక్కసారన్నా బిడ్డని ఎత్తుకోకుండానే పోయింది. ఇన్ని నెలలూ చుట్టి మూలన పెట్టాం. తగలబెడదామని కిరసనాయిలు దాకా పోయా, నాకు చెయ్యి రాలేదు. మీరే ఏదోటి చెయ్యండి. ఎవరికీ మాత్రం ఇయ్యొద్దు."

నూర్ మొహమ్మద్ తల ఊపాడు. ఆయన సరుకు కోసం సత్తెనపల్లి పోతా పోతా, దాన్ని కంపల్లో పారేయించమని పెళ్ళానికి చెప్పి పోయాడు.

పారేయించేదే. కానీ గలేబు ఒక మూల చిరిగి దూది బయటికొచ్చింది. జుబేదా వేళ్ళు ఊరుకుంటయ్యా! పుట్టినకాడ్నుంచీ దూదిలో తిరిగిన వేళ్ళు అవి. పట్టుకుని చూస్తే నిక్కమైన బూరుగు దూది. పట్టు మాదిరి జారిపోతోంది. ఇప్పుడు వచ్చేదంతా మిల్లు చెత్త, గుడ్డపీలికల దూది. ఇట్టాంటిది చూసి ఎన్నేళ్ళయిందో! లోపల ఇంట్లో కూతురు జమీలా నిండు కడుపుతో ఉంది. దాని పురుటి పరుపు కోసమని దాచిన దూది కాస్త తక్కువ పడింది. మిల్లు చెత్త కలపటానికి జుబేదాకి మనసొప్పలేదు.

మచ్చలన్నీ గలేబుకే గదా, గలేబు పారేస్తే సరి, దూదిదేం తప్పు అనుకుంది. గలేబు తీసుకెళ్ళి కంపల్లో వేసింది. దూదిని మేడ మీద ఎండబెట్టింది. పల్నాడు ఎండకి విషం కూడా విరిగిపోద్దని తనకి తనే చెప్పుకుంది. కొట్లో ఎవరూ లేనప్పుడు రెండు దూదులూ కలిపి మిషన్లో వేసి ఏకేసింది. కొత్త గలేబులో నింపి తన చేత్తోనే దబ్బనం పట్టుకుని కుట్టింది. మొగుడు వచ్చి అడిగితే "పారేయించా" అంది. సగం నిజమే గదా అని సరిపెట్టుకుంది.

జమీలాకి నరసరావుపేటలో కాన్పయింది. ఆడపిల్ల. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల గుటకలేసుకుంటా పాలు తాగింది. తల్లీబిడ్డా బాగున్నారన్నారు, నిజంగానే బాగున్నారు. కారంపూడి వచ్చి ఆ పరుపు మీద పడుకునేదాకా బాగున్నారు.

వచ్చిన మధ్యాహ్నమే ఏకు పరుపెక్కింది. జమీలా పక్కన, గోడ వైపు ఒకచోట కూర్చుని పిసకటం మొదలుపెట్టింది. జమీలా నవ్వుతా ఫోన్లో ఏదో చూసి చదివింది.

"అమ్మా, ఇట్టా ఎందుకు పిసుకుతయ్యో దీంట్లో రాశారు. కూనలప్పుడు తల్లి పొట్టని ఇట్టా నొక్కితే పాలు వస్తయ్యంట. పెద్దయినా మెత్తటిది తగిల్తే అదే గుర్తొచ్చుద్దంట. తల్లి తొందరగా పోయిన పిల్లులైతే మరీ ఎక్కువ చేస్తయ్యంట."

"దీనికి ఫోనెందుకే?" అంది జుబేదా. "మన బర్రె ఏం చేసేది? పొదుగు పగిలిపోయేన్ని పాలున్నా, దూడ వచ్చి మూతితో నాలుగు కుమ్ములు కుమ్మితే గానీ చేపేది కాదు. చేపకపోతే పిండేవాడు తలకిందులుగా నిలబడ్డా చుక్క రాదు. ఇదీ అదే. చేపు కోసం నొక్కుద్ది పిచ్చిముండ. దూది యాడన్నా చేపుద్దా?"

తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వుకున్నారు. అదే వాళ్ళు ఆ గదిలో నవ్విన ఆఖరి నవ్వు.

ఆ సాయంత్రం నుంచి జమీలాకి చేపు ఆగిపోయింది. రొమ్ములు బిగుసుకుని రాళ్ళయినై. ముట్టుకుంటే ప్రాణం పోతోందని అరిచేది, చుక్క మాత్రం రాదు. బిడ్డ కాసేపు పట్టి, వదిలేసి, గుక్కపెట్టి ఏడ్చేది. వేడిగుడ్డలతో కాపారు. ఆశా కార్యకర్త వచ్చి ఎట్టా పట్టుకోవాలో చూపించి పోయింది. పాలు తీసే మిషను తెచ్చి పిండారు. డబ్బాపాలు కలిపి ఉగ్గుగిన్నెతో పోస్తే పోసినవి పోసినట్టే బిడ్డ కక్కేసింది. చెంపలు లోపలికి పోయినయ్. ఇంకా పేరన్నా పెట్టని పసిగుడ్డుకి మడమలు ముసలిదాని మడమల్లాగా ముడతలు పడిపోయినయ్.

డాక్టరు చూసి, రేపటికి కూడా తాగకపోతే నరసరావుపేట తీసుకెళ్ళి నరంలోంచి ఎక్కించాల్సిందేనన్నాడు. "చిన్న ప్రాణం, ఆలస్యం చెయ్యొద్దు" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు లేదు. మిషను ఆపి నూర్ మొహమ్మద్ కొట్లోనే ఒరిగాడు. జమీలా ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకుంది. జుబేదా గుమ్మంలో కూర్చుని విసనకర్ర ఊపుతోంది. ఎక్కడినుంచో గుర్రుమని చప్పుడు. చూస్తే ఏకు మళ్ళీ పరుపు మీద ఉంది, గోడ వైపు అదే చోట. రోజూ అక్కడే, అంగుళం అటూ ఇటూ కాకుండా. కాళ్ళు మార్చి మార్చి అదుముతోంది. మూతి గుడ్డకి ఆనించి చీకుతోంది కూడా.

"థూ, దీని దుంపతెగ! పరుపు మీద ఉచ్చపోసిందే!" అని జుబేదా లేచింది. ఏకు మూతి కింద గుడ్డ తడిసి ఉంది. పిల్లిని తోసేసి చెయ్యి పెట్టి చూసింది.

తడి వెచ్చగా ఉంది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉచ్చ కాదు, చొంగ కాదు. పాల వాసన, చనుబాల వాసన. ఒక బిడ్డని కని పెంచిన ఆడదానికి ఆ వాసన ఒకరు చెప్పక్కర్లా.

జమీలావి కారినయ్యేమోనని ఆశగా కూతురి రవిక చూసింది. పొడిగా ఉంది. అయినా జమీలా పడుకునేది ఇటు, తడి ఉన్నది అటు గోడ వైపు. ఇంతలో కూతురు కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"అమ్మా, దాన్ని తోలెయ్యవే. అది పిసికినప్పుడల్లా నా రొమ్ములో గుంజుతోంది. వచ్చుద్ది వచ్చుద్ది అనిపిచ్చి అట్టే ఆగిపోతోంది. ఎవరో గట్టిగా పట్టుకుని, 'నీకు కాదు, ఆగు' అన్నట్టుంది."

అప్పుడు బిడ్డ కదిలింది. తల్లి వైపు కాదు. బోర్లా పడటం కూడా రాని ఆ పసిగుడ్డు మెడ మెలితిప్పి పరుపుకేసి మొహం పెట్టింది. నోరు తెరిచి గుడ్డని వెతుక్కుంటోంది. చిన్న వేళ్ళు రెండు చేతులవీ విప్పుతా ముడుస్తా, విప్పుతా ముడుస్తా గలేబుని అదుముతోంది. అచ్చం ఏకులాగా. బిడ్డ మూతి దగ్గర మాత్రం గుడ్డ పొడిగానే ఉంది, తడి అవటంలేదు.

"యా అల్లా!" అని జుబేదా బిడ్డని లాక్కుని గుండెకి హత్తుకుంది. ఆమెకి అంతా అర్థమైపోయింది. తన చేత్తో తనే ఏకి, నింపి, కుట్టి పెట్టింది మరి.

కొట్లోకి పోయి మొగుణ్ణి లేపింది. ఆ పెద్ద నోరు ఆ రోజు పెగల్లేదు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "పింకీ దూది... గురజాల పిల్లది... నేను పారెయ్యలేదయ్యా. మన పిల్ల పరుపులో కలిపేశా."

నూర్ మొహమ్మద్ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని జుబేదా ప్రాణం కొట్టుకుంది. లేచి లోపలికి పోయి, జమీలాని చాప మీదకి మార్చి, పరుపు చుట్టి వాకిట్లోకి తెచ్చాడు. పరుపు బయటికి పోగానే బిడ్డ తల గుమ్మం వైపు తిరిగింది. చాప మీద ఎటు తిప్పి పడుకోబెట్టినా మళ్ళీ గుమ్మం వైపే. జమీలా "గుంజుతోందమ్మా, బయటికి గుంజుతోంది" అని రొమ్ము పట్టుకుని మెలికలు తిరిగింది.

ఆయన అగ్గిపెట్టె తీశాడు. జుబేదా పరిగెత్తి చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా! చనుబాలు నిప్పులో పడగూడదు. పడితే తల్లికి ఎండిపోతయ్. దాంట్లో మన పిల్ల చేపు కూడా చిక్కుకుపోయి ఉంది."

"విప్పి, ఆ దూది వరకూ తీసెయ్" అన్నాడాయన.

"మిషన్లో కలిసిపోయిందయ్యా. కలిపి ఏకిన దూదిని ఎవరన్నా విడదీస్తారా? నీకు తెలవదా?"

ఆయనకి తెలుసు. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. ఆయనే అన్నాడు, "ఆ పాలు ఎవరివో వాళ్ళకే ఇయ్యాలి. పో. ఆలస్యం చెయ్యమాక."

జుబేదా ఆటో పిలిచింది. పరుపు ఎక్కించి దాని పక్కన కూర్చుంది. ఏకు ఆటో వెనక పరిగెత్తి, మలుపులో ఆగి, ఎన్నడూ లేని గొంతుతో అరిచింది. దారి పొడుగునా జుబేదా పరుపుని ముట్టుకోకుండా ఒదిగి కూర్చుంది. అయినా మెట్ట మీద ఆటో కుదిపినప్పుడల్లా ఆమె మోచేతికి పరుపు తగిలేది. తగిలినప్పుడల్లా మనిషి ఒంటి వేడి.

గురజాలలో చర్చి వెనక సందులో యేసుపాదం ఇల్లు. ఆయన పనికి పోయాడు. ఆయన భార్య ఆరోగ్యమ్మ వరండాలో కూర్చుని మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది. నాని అని పిలుచుకుంటున్నారు వాణ్ణి. నెలలైతే వచ్చినయ్ గానీ ఒంట్లో ఏమీ లేదు, కళ్ళు మాత్రం పెద్దవి. ఆ కళ్ళు జుబేదా మీద కాదు, ఆమె వెనక ఆటోవాడు దించుతున్న పరుపు మీద నిలబడిపోయినయ్.

"అక్కా, నేను కారంపూడి పరుపులదాన్ని" అంది జుబేదా. అని, అక్కడే కింద కూలబడి జరిగిందంతా చెప్పేసింది. దాచలేదు, తగ్గించి చెప్పలేదు.

ఆరోగ్యమ్మ మొహం మాడిపోయింది. "పారెయ్యమని ఇస్తే దాచుకున్నావా?" అంది నిదానంగా. తర్వాత నిదానం పోయింది. "నా బిడ్డ ప్రాణం పోయిన దూది తీసుకెళ్ళి నీ బిడ్డకి మెత్తగా పరిచావా? ఏమే, నీకు మనసెట్టా ఒప్పిందే? అది కాటికి పోయాక కూడా దాని దగ్గర లాక్కునేది ఇంకా ఉందా మీకు? లే! లేచి పో నా వాకిట్లోంచి!"

"తిట్టక్కా. కొట్టు. చెప్పు తీసుకుని కొట్టు" అంది జుబేదా, ఏడుపు ఆపుకోకుండా. "కానీ ఒక్కసారి మీ పిల్లోణ్ణి దీని మీద పడుకోబెట్టు. దీంట్లో వాడి పాలున్నయ్. నీ కూతురు ఎవరికీ ఇయ్యటంలేదు, పట్టుకుని కూర్చుంది. నా మనవరాలు చచ్చిపోతోందక్కా."

ఆరోగ్యమ్మ ఇంకేదో అనబోయింది. అనలేకపోయింది. ఎందుకంటే ఒళ్ళో పిల్లోడు ఏడుస్తున్నాడు.

"వీడు ఏడవడు" అంది ఆమె, తనలో తను. "పుట్టినకాడ్నుంచీ ఏడవలా. డబ్బాపాలు పోస్తే మింగుతాడు, పొయ్యకపోతే చూస్తా పడుంటాడు. నిద్ర కూడా పోడు. యేసయ్యా, వీడు ఏడుస్తన్నాడే!"

వాడు పరుపు కోసం రెండు చేతులూ చాపి ఏడుస్తున్నాడు.

నడింట్లో పరుపు పరిచారు. ఆరోగ్యమ్మ వాణ్ణి దాని మీద దించింది. వాడు ఎక్కడా వెతుక్కోలేదు. జుబేదా చూస్తుండగానే ఏకు రోజూ పిసికిన ఆ చోటికే పాకలేక పాకలేక జరిగాడు. మొహం ఆనించాడు. రెండు చేతులూ గుడ్డ మీద పెట్టి అదిమాడు. విప్పాడు, మళ్ళీ అదిమాడు. నాలుగుసార్లు అదిమాడో లేదో, బుగ్గ కింద గుడ్డ నల్లబడింది. తడి పెద్దదవుతా వాడి చెవి దాకా వచ్చింది. గుటక వినపడింది. ఇంకో గుటక. పెదాల చివర తెల్లటి పాలు. ఇల్లంతా పచ్చి బాలింత వాసన అలుముకుంది. ఆరోగ్యమ్మ చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

ఫోను మోగింది. జమీలా.

"అమ్మా! వచ్చిందమ్మా! చేపొచ్చింది! ఇప్పుడే, ఈ నిమిషమే. ఆపినా ఆగటంలేదు. బుజ్జిది తాగుతోందమ్మా, గుటగుటా తాగుతోంది, విను!"

జుబేదా విన్నది. ఒక చెవిలో తన మనవరాలి గుటకలు, ఇంకో చెవిలో ఈ పిల్లోడి గుటకలు. రెండూ ఒకే లెక్కన పడుతున్నయ్. అదేందో ఆమె ఆ సంతోషంలో పట్టించుకోలా. రెండు చేతులూ ఎత్తి అల్లాకి దండం పెట్టింది. ఆరోగ్యమ్మ కాళ్ళకి దండం పెట్టింది.

నానికి కళ్ళు మూతలు పడినయ్. చేతులు నెమ్మదించినయ్. ఒకసారి అదిమి, వేళ్ళు విప్పి, అట్టాగే నిద్రపోయాడు. నోరు తెరిచి, కడుపు పైకీ కిందకీ ఆడతా, ఆదమరిచిన నిద్ర. ఆ నిద్ర చూసి ఆరోగ్యమ్మ మోకాళ్ళ మీద పడి ప్రభువుని తలుచుకుంది.

"అమ్మా?" అంది ఫోన్లో జమీలా. "ఆగిపోయిందమ్మా. ఉన్నట్టుండి ఆగిపోయింది. బుజ్జిది రెండు గుక్కలన్నా సరిగ్గా తాగలా. మళ్ళీ ఏడుస్తోంది. ఏం చేశారమ్మా అక్కడ?"

జుబేదా పిల్లోడి చేతులు చూసింది. నిద్రలో విచ్చుకుని, కదలకుండా ఉన్నయ్. కలిపి ఏకింది తనే. విడదీయలేమని మొగుడికి చెప్పిందీ తనే. ఈ పిల్లోడు అదిమితేనే అక్కడ తన కూతురికి చేపు. వీడు ఆపితే అక్కడ ఆగిపోద్ది.

"వాణ్ణి లేపమ్మా" అంది జమీలా. ఆ గొంతు కూతురి గొంతులా లేదు, ఆకలిగొన్న దాని గొంతులా ఉంది. "ఎవరో పిల్లోడున్నాడు గదా అక్కడ, నాకు తెలుస్తోంది. లేపు. నా బిడ్డ తాగాలి. లేపమ్మా!"

జుబేదా చెయ్యి చాపింది. చాపింది, అబద్ధం చెప్పటం దేనికి! పిల్లోడి భుజం దాకా పోయింది ఆ చెయ్యి. పుట్టాక మొదటిసారి నిద్రపోతున్న తల్లిలేని బిడ్డ. తలెత్తితే ఆరోగ్యమ్మ చూస్తోంది. అడ్డం రాలేదు, అరవలేదు. ఏం చేస్తావో చేయి అన్నట్టు ఊరికే చూస్తోంది. ఫోన్లో మనవరాలి ఏడుపు సన్నబడిపోతోంది.

జుబేదా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోను స్పీకర్లో పెట్టి కింద ఉంచి, పిల్లోడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తన రెండు అరచేతులూ ఆ తడి మీద పెట్టి అదిమింది. ఒకటి మార్చి ఒకటి. వాడు కదలకుండా, వాడికి తగలకుండా.

"పింకీ" అంది. "అడక్కుండా తీసుకున్నానమ్మా. ఇప్పుడు అడుగుతున్నా. నీ కాళ్ళు పట్టుకుంటా. నా బిడ్డకి కూడా చేపు తల్లీ."

ఏం రాలేదు. పరుపు చల్లబడుతోంది. జుబేదా ఇంకా గట్టిగా పిసికింది. చెమటలు కారుతున్నయ్, గాజులు మోచేతి దాకా జారినయ్, నోటికొచ్చిన దేవుళ్ళందరినీ పిలిచింది. ఫోన్లో ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది.

"లే" అంది ఆరోగ్యమ్మ.

జుబేదా లేవలేదు. ఆరోగ్యమ్మ ఆమెని భుజంతో నెట్టేసింది. "నువ్వు పిలిస్తే పలుకుద్దా అది? జరుగు."

జరిగింది. ఆరోగ్యమ్మ చెంగు నడుముకి చుట్టుకుని, కూతురికి నీళ్ళు పోసి పెంచిన ఆ చేతులు పరుపు మీద పెట్టింది. పెట్టీపెట్టగానే ఆమె మొహం మారిపోయింది. ఎవరి ఒళ్ళు తగిలిందో ఆమెకి తెలిసింది. నెమ్మదిగా అదిమింది.

"పింకీ, నేనే, అమ్మని. నీ పిల్లోడు కడుపునిండా తాగాడు, పడుకున్నాడు. చూస్తన్నావు గదా? ఇంకో పసిది ఉందంట, కారంపూడిలో. సాయిబులమ్మాయి. ఆకలంట. ఇన్ని పాలు దాచుకుని ఏం చేసుకుంటావు బంగారూ? ఇచ్చెయ్. అమ్మ చెప్తోంది, ఇచ్చెయ్."

ఆమె వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా ఊరింది. ఫోన్లో ఏడుపు తెగిపోయింది. గుటక వినపడింది. తర్వాత ఇంకొకటి. జుబేదా ఫోను చెవికి నొక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆరోగ్యమ్మ పిసకటం ఆపలేదు. కళ్ళు మూసుకుంది. కళ్ళనీళ్ళు కారి పాలలో పడుతున్నయ్, తుడుచుకోవటంలేదు.

"రోజుకెన్నిసార్లు తాగుద్ది నీ మనవరాలు?" అంది.

"అడిగినప్పుడల్లా అక్కా" అంది జుబేదా భయపడతా.

"అయితే ఆ పిల్లనీ తల్లినీ రేపు పొద్దున్నే ఇక్కడికి తీసుకొచ్చెయ్. ఈ పరుపు మాత్రం ఇక గడప దాటదు" అంది ఆరోగ్యమ్మ. కళ్ళు తెరవకుండానే కాస్త పక్కకి తిరిగి, అక్కడ ఇంకెవరికో చోటిచ్చినట్టు జరిగి కూర్చుంది. "నా పింకీని ముట్టుకుని ఎన్నాళ్ళయిందనుకున్నావు నేను?"